గూడు తలుపు తీసే ముందు

తెల్లవారి లేవగానే మిషనక్క ముఖం కడుక్కుని, దేవుడి పటానికి దండం పెట్టుకుని, తలుపు మూలన ఆనించి ఉన్న చెక్క స్కేలు అందుకుని పెరట్లోకి వచ్చేది. ఆ స్కేలు ఒకప్పుడు బట్టలు కొలిచింది. అంకెలన్నీ అరిగిపోయాక దానికి ఈ ఉద్యోగం దొరికింది. గుమ్మం పక్కనున్న బట్టలుతికే బండ మీద ముందు టకటకా కొట్టేది. తర్వాత పాత పెంకుల కుప్ప, పూలకుండీల అడుగులు, పుల్లల మోపు, కుళాయి కింద తడిసిన ఇటుకలు. అలా ఒక్కొక్కటే తడుతూ పెరటి చివరి గోడ దాకా నడిచేది.

"లేవండమ్మా, లేవండి. గూడు తలుపు తీస్తున్నా. పిల్లల్ని తీసుకుని పక్కకి పోండి. తర్వాత నన్ననొద్దు."

ఇది కప్పలకు, తొండలకు, చిట్టెలుకలకు, పేరు తెలియని సమస్త జీవకోటికీ ఆవిడ చేసే హెచ్చరిక. వెనక మెట్ల మీద బ్రష్షు నోట్లో పెట్టుకుని కూర్చున్న భర్త, నోటినిండా నురగతోనే అడిగేవాడు.

"హారన్ కొట్టేశావా?"

"కొట్టేశా."

"అయితే బండి తియ్యి."

ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ డ్రైవరు గారు. లోకంలో ఏ సంగతినైనా బస్సుకు ముడిపెట్టనిదే ఆయనకు అరగదు.

అప్పుడు ఆవిడ గూడు తలుపు ఎత్తేది. అరడజను పెట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడేవి. అన్నిటికంటే ముందు ఎర్రపెట్ట. మెడ నిక్కించి, పెరడంతా తనదే అన్నట్టు చూసేది కాబట్టి దానికి దొరసాని అని పేరు.

మిషనక్క ముందుగదే ఆవిడ కొట్టు. కుట్టుమిషను, కత్తెర, గోడకు మేకులు, మేకులకు వీధివాళ్ల జాకెట్లు, లాగులు, బడి యూనిఫారాలు. పెళ్లికి ముందే అక్క దగ్గర కుట్టడం నేర్చుకుంది. ఆ అక్క నేర్పిన మొదటి పాఠం, మిషను తొక్కే ముందు బట్ట మీద ఒకసారి ఊదమని. దుమ్ము పోవాలని అక్క చెప్పింది. బట్ట మీద చీమ ఉంటే తప్పుకోవాలని ఈవిడ అర్థం చేసుకుంది. ఆ ఊదే అలవాటు పోలేదు. అందరి ముందూ ఊదుతుంది, ఎవరు నవ్వినా పట్టించుకోదు.

అలాంటి మనిషి కోళ్లు పెంచాలని ఏనాడూ అనుకోలేదు. ఇల్లు మారిపోతున్న ఒకావిడ "రెండు రోజులు చూస్తుండక్కా, వచ్చి తీసుకెళ్తా" అని గంపతో సహా కోడిపిల్లలను గుమ్మంలో దించి వెళ్లింది. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు.

కోళ్లంటే నూకలు తినేవని ఆవిడ నమ్మకం. అవి పెద్దవయ్యాక ఒకరోజు దొరసాని ముక్కున ఏదో కరుచుకుని పరుగు తీసింది. మిగతావన్నీ దాని వెంట పడ్డాయి. సన్నగా, పొడుగ్గా వేలాడుతున్నది చూసి, "అయ్యో, నా టేపు ముక్క!" అని మిషనక్క కూడా వాటి వెంట పరుగెత్తింది. దగ్గరికి వెళ్లేసరికి ఆ టేపుకు కాళ్లున్నాయి. తొండ. దొరసాని దాన్ని బండకేసి రెండుసార్లు బాది, తల ఎత్తి, గుటుక్కుమనిపించింది. ఆ వారంలోనే కప్ప ఒకటి. అదైతే కోడి గొంతు దిగుతూ కూడా కాళ్లు ఆడించింది. ఆ రోజంతా మిషనక్కకు సూదిలో దారం ఎక్కలేదు.

"వాటి కడుపు వాటిది. దేవుడు రాసిన రాత, నువ్వేం చేస్తావు?" అన్నాడు డ్రైవరు.

"రాతైతే రాతే. చెప్పకుండా చంపడం ఎందుకు? ముందు చెప్తే పోయేవి పోతాయిగా" అంది ఆవిడ. మర్నాటి నుంచి చెక్క స్కేలు చేతికొచ్చింది.

పెరటి గోడకు అవతలే ఇస్త్రీ తమ్ముడి రేకుల షెడ్డు. బొగ్గుల ఇస్త్రీపెట్టె, దుప్పటి పరిచిన బల్ల, మూటలు కట్టిన బట్టలు, వెనక ఒక గది, ఆ గదిలో అతనూ భార్యా. సొంత తమ్ముడు కాడు. కానీ ఆవిణ్ణి అక్కా అంటాడు, డ్రైవర్ని బావా అంటాడు. భార్య నోరారా వదినా అని పిలుస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. దొరసాని రోజు విడిచి రోజు పెట్టే పెద్ద గుడ్డును మిషనక్క మెత్తటి గుడ్డముక్కలో చుట్టి, వెచ్చదనం ఆరకముందే గోడ మీంచి అందించేది.

"ఇంకా వేడిగా ఉంది వదినా."

"చల్లారకుండా తిను. పిల్లకి బలం."

ఇస్త్రీ తమ్ముడు అప్పుడప్పుడు చిల్లుపడిన బట్ట పట్టుకొచ్చేవాడు. పంతులు గారి చొక్కా అంచు, ఎవరిదో చీర కొంగు.

"కాస్త రఫ్ఫు చేసి పెట్టక్కా. కస్టమరు చూస్తే నా ప్రాణం తీస్తాడు."

"ఏం కొరికాయిరా ఇంతలేసి చిల్లులు? పురుగులా?"

అతను తల గోక్కుని, "ఏవో అక్కా" అనేవాడు. ఆవిడ అదే రంగు దారం వెతికి, పోగుకు పోగు కలిపి, చిల్లు ఎక్కడుందో కుట్టిన తనకే తెలియనంత నేర్పుగా నింపి ఇచ్చేది. డబ్బు మాటెత్తితే కోప్పడేది.

ఒక సాయంత్రం మిషనక్క కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఒక ఎలుక పెరటి నడిమధ్యకు వచ్చింది. పరుగున రాలేదు. దారి మర్చిపోయిన ముసలివాడిలా అటో అడుగు, ఇటో అడుగు వేసుకుంటూ వచ్చింది. "ఓసి పిచ్చిదానా, పో, పో!" అని ఆవిడ చెంబుతో నీళ్లు విసిరింది. అది పోలేదు. దొరసాని వచ్చింది.

"కొండ తవ్వే పని లేకుండానే ఎలుకను పట్టేసింది మీ దొరసాని" అని మెట్ల మీంచి డ్రైవరు నవ్వాడు.

"మీకు నవ్వులాటగా ఉందా? అది పరుగెత్తలేదండీ. ఎందుకు పరుగెత్తలేదు?"

"ముసలిదై ఉంటుంది. నాలాగా."

ఆ జవాబు ఆవిడకు చాలలేదు. పళ్లలో పీచు ఇరుక్కున్నట్టు ఏదో ఇరుక్కుని ఉండిపోయింది.

మర్నాడు మామూలుగానే స్కేలు తట్టింది, తలుపు ఎత్తింది, గూట్లో చెయ్యి పెట్టి దొరసాని గుడ్డు తీసింది. గోడ మీంచి ఇచ్చింది. "ఇవాళ ఆసుపత్రిలో చూపించుకోవాలి వదినా, తొందరగా బయల్దేరుతున్నా" అంటూ ఆ పిల్ల అందుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే దొరసాని మేత దగ్గర లేదు. గూటి పక్కనే ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. నూకలు చల్లినా, నీళ్లు పెట్టినా, పొద్దెక్కేదాకా కన్నెత్తలేదు.

వాననీళ్లు పోవడానికి గోడ అడుగున ఒక తూము ఉంది. దాని నోటి దగ్గర ఒక ఎలుక వెల్లకిలా పడి ఉంది. మూతికి పచ్చటి నలుసులు అంటుకుని ఉన్నాయి. అలాంటి పచ్చరంగు ఏ గింజకూ ఉండదు. కిరాణా కొట్టులో పొట్లాల్లో అమ్మే ఎలుకల మందుకే ఉంటుంది.

నిన్నటి ఎలుక తిన్నది మందు. ఆ ఎలుకను తిన్నది దొరసాని. దొరసాని గుడ్డు పొద్దున తన చేత్తోనే ఇచ్చింది. ఎవరికి? కడుపుతో ఉన్న పిల్లకి!

గోడ మీంచి కేక వేసింది. అవతల ఎవరూ పలకలేదు. వీధిలోంచి చుట్టూ పరుగెత్తి వెళ్తే షెడ్డుకు తాళం. ఇస్త్రీ తమ్ముడు బట్టలు ఇళ్లకు అందించడానికి వెళ్లే వేళ. అతని ఫోనుకు చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. ఇంట్లోకి వచ్చింది, పెరట్లోకి వెళ్లింది, మళ్లీ వీధిలోకి వచ్చింది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న భార్యను చూసి డ్రైవరు చేతిలోని పేపరు పక్కన పెట్టాడు.

"ఏమైందే?"

ఆవిడ చెప్పింది. ఆయన జోక్ వేయలేదు. అది చూసి ఆవిడకు ఇంకా భయం వేసింది.

"నువ్వు ఆటో ఎక్కి ఆసుపత్రికి పో. నేను దీన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతా" అంటూ దొరసానిని బట్టసంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, మోపెడ్ హ్యాండిలుకు తగిలించుకున్నాడు. "సర్వీసులో ఉండగా బస్సులో కోడి కనబడితే దింపేసేవాణ్ణి. ఎవరి ఉసురో ఇది" అని మాత్రం గొణిగాడు.

షేర్ ఆటోలో మిషనక్క మెడలో టేపు అలాగే ఉంది. తీయాలన్న ధ్యాస లేదు. "స్వామీ, నేను తెలిసి పెట్టలేదు. ఆ పిల్ల నోటి దాకా రానీయకు" అని పెదాలు కదుపుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఏమీ అడగకుండా తన నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది. రెండు గుక్కలు తాగాక గానీ తనకు దాహం వేస్తోందని ఆవిడకు తెలియలేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లే. చివరి బెంచీ మీద చీటీ పట్టుకుని కూర్చుంది ఆ పిల్ల.

"గుడ్డు తిన్నావా?"

ఆ అరుపుకు బెంచీలన్నీ ఇటు తిరిగాయి. "ఏమ్మా, ఇది ఆసుపత్రా, సంతా?" అంది నర్సు.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మీకెవరు చెప్పారు వదినా? కోప్పడకండి. నేను తినడం లేదు."

"తినలేదా?"

"మూడో నెల నుంచీ గుడ్డు వాసన పడటం లేదు వదినా. దగ్గరికొస్తేనే కడుపులో తిప్పేస్తుంది. మీరేమో అంత ప్రేమగా చుట్టి తెచ్చి ఇస్తారు. వద్దంటే మీ మనసు నొచ్చుకుంటుందని..."

మిషనక్క బెంచీ మీద కూలబడింది. "తినలేదు. నా తల్లే, తినలేదు" అని ఆ పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుంది. ఇంత సంతోషంగా తిట్లు తప్పించుకున్నవాళ్లు ఆ వరండాలో ఇంకెవరూ లేరు. ఇంతలో ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

"మరి నేనిచ్చే గుడ్లు ఎవరు తింటున్నారు?"

"మీ తమ్ముడే. పొద్దస్తమానం నిలబడి చేసేది ఆయనేగా."

"ఇవాళ్టిది?"

"ఉడకబెట్టి డబ్బాలో పెట్టి వచ్చా. మధ్యాహ్నం తింటారు."

"ఫోను చెయ్యి, వెంటనే ఫోను చెయ్యి."

ఆ పిల్ల సంచీలోంచి ఫోను తీసి చూపించింది. "ఇదిగో, నా దగ్గరే ఉంది. ఒక్కదాన్నే వెళ్తున్నానని తనదే ఇచ్చి పంపారు. ఇక్కడ మోగకూడదన్నారని నోరు నొక్కేశా. ఏమైంది వదినా?"

"నువ్వు చూపించుకుని నెమ్మదిగా రా. నీకేం కాలేదు, అది చాలు" అని ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

తిరుగుదారిలో ఆటోవాడు ప్రతి మలుపులోనూ ఒకరి కోసం ఆగాడు. ఆగినప్పుడల్లా ఆవిడ సీటు అంచుకు జరిగేది, దిగి పరుగెత్తితే ముందు చేరతానా అని లెక్క వేసుకునేది, మళ్లీ వెనక్కి జరిగేది. వీధి మొదట్లోనే దిగేసి, చెప్పు తెగినా ఆగకుండా షెడ్డు దాకా పరుగెత్తింది.

ఇస్త్రీ తమ్ముడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డబ్బా. వలిచిన గుడ్డు చేతిలో.

"కింద పెట్టు! ఆ గుడ్డు కింద పెట్టరా!"

అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"ఏంటక్కా, పెట్టిన చేత్తోనే లాక్కుంటావా?" అన్నవాడు, ఆవిడ ముఖం చూసి, "అది... మా ఆవిడకి పడటం లేదని... నేనే..." అని నసిగాడు.

"అది కాదురా. ఎలుకలకి మందు పెట్టావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి తనంతట తానే బల్ల కిందికి చూపించింది. అక్కడ పచ్చగింజల పొట్లం ఉంది.

"మొన్ననే పెట్టానక్కా. ప్లీడరు గారి నల్లకోటు జేబు మొత్తం తినేశాయి. ఇంకొక్కసారి జరిగితే ఆ వీధి వీధంతా నాకు బట్టలెయ్యరు. బిడ్డ పుట్టబోతుంది. ఏం చెయ్యను?"

"మందు తిన్న ఎలుక మా పెరట్లోకొచ్చింది. దొరసాని తినేసింది. ఆ దొరసాని గుడ్డే ఇది."

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక బకెట్టు మీంచి లేచి, తన భార్య కూర్చునే పీట వైపు చూసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్ని ఎలుకలు ఎక్కణ్ణుంచి వచ్చాయిరా నీ షెడ్డులోకి?" అంది ఆవిడ చివరికి. "బోను పెట్టలేకపోయావా? నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"ఏం చెప్పమంటావక్కా?" అతను తల వంచుకున్నాడు. "పొద్దున్నే నువ్వు స్కేలుతో కొట్టుకుంటూ వస్తావు చూడు. అటునుంచి నువ్వు కొడుతుంటే, ఇటు తూములోంచి ఒక్కొక్కటే దిగుతాయి. బడిగంట కొడితే పిల్లలొచ్చినట్టు. తూముకి ఇటుక పెట్టి చూశా. వానొచ్చి నీళ్లు మీ వంటింట్లోకి ఎదురు తన్నాయి, గుర్తుందా? గబుక్కున తీసేశా. తూము ఒక్కటేనా, ఈ పాతగోడ అంతా జల్లెడే."

"నేనా? నేను తోలుతున్నానా?"

"నువ్వు వాటితో మాట్లాడతావక్కా. పిల్లల్ని తీసుకుపోండి అంటావు. ఇటువైపు నిలబడి రోజూ వింటూనే ఉంటా. అలా మాట్లాడే మనిషికి, నీవల్లే నా బట్టలు పోతున్నాయని ఎలా చెప్పను? చిల్లులేమో నువ్వే కుడతావు, పైసా తీసుకోవు."

మిషనక్క చేతిలో గుడ్డు నలిగింది. తను తరిమిన ఎలుక చేసిన చిల్లును తనే కూర్చుని, రంగు దారం వెతికి మరీ కుట్టింది. ఆ చిల్లుల వెనక ఈ మందు. ఆ మందు వెనక...

సాయంత్రానికి డ్రైవరు తిరిగి వచ్చాడు. దొరసాని సంచిలో బతికే ఉంది. డాక్టరమ్మ సూదిమందు వేసి, బతికితే దాని అదృష్టం అందట. తాను చెప్పేదాకా దాని గుడ్లు ఎవరూ తినకూడదంది. మందు అంతా ఏరి పారేసి, చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టమంది. ఇస్త్రీ తమ్ముడు అప్పటికే గొయ్యి తవ్వుతున్నాడు. ఆ పనికి ఎవరినీ చెయ్యి వేయనీయలేదు.

దొరసానిని మిషను బల్ల కింద గంపలో పెట్టుకుంది ఆవిడ. కుడుతూ కుడుతూ ఆపేది. వంగి చూసేది. మళ్లీ కుట్టేది. కుట్టింది వంకర పోతే విప్పేది. దేవుడు కోడికి ముక్కు ఇచ్చాడు, ఎలుకకు కాళ్లు ఇచ్చాడు. ఆ రెండింటికీ సరిపోయిందో లేదో ఆయనకు తెలుసు. మధ్యలో తను స్కేలు పెట్టింది. తను స్కేలు పెట్టబట్టి మందు వచ్చింది. మందు ఎలుక కాళ్లు తీసేసింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఆవిడకు అక్కడికే వచ్చి ఆగేది.

"వెనక నుంచి మొదలుపెట్టి ఇంటివైపు తడితేనో?" అని అడిగింది భర్తను.

"అప్పుడు రైట్ రైట్ అంటూ అన్నీ మన మిషను గదిలోనే దిగుతాయి. జాకెట్లన్నీ ముందే కత్తిరించి పెడతాయి, నీకు పని తగ్గుతుంది."

"ఇక తట్టను. ఎలుకల పని కోళ్లే చూసుకుంటాయి" అంది.

అనడం తేలిక. మర్నాడు చెయ్యి తలుపు మూలకు పోయింది. స్కేలును అటక మీద పడేస్తే, చీపురు పట్టుకుని తట్టింది. సరే, తలుపు మీరు తీయండని భర్తను పంపింది. ఆయన గూటి దాకా వెళ్లేసరికి వంటింట్లోంచి టకటకమని గరిటె చప్పుడు. గిన్నె అంచు మీద తనే కొడుతోందని ఆవిడకు ఆయన వచ్చి చేతిలోంచి గరిటె లాక్కునేదాకా తెలియలేదు.

"డ్రైవరు ఒకడు, హారన్ ఇంకొకరి చేతిలో. ఈ బండి నడవదే" అన్నాడాయన.

దొరసాని ఒక మధ్యాహ్నం గంపలోంచి మెడ చాచి, బల్ల కింద పడిన దారం ముక్కను పురుగనుకుని పొడిచింది. మిషనక్క కత్తెర వదిలేసి చేతులు జోడించింది. ఆ తర్వాత అది నడిచి, పెరట్లోకి వచ్చి, కాలితో మట్టి గీరి, తల పక్కకు వాల్చి పెంకుల కుప్ప వైపు చూసింది. ఆ చూపు ఆవిడకు తెలుసు. దాని ప్రాణం నిలబడినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే చూపుకు ఒళ్లు జలదరించింది కూడా.

ఆ సాయంత్రమే ఆవిడ గోడ దగ్గరికి వెళ్లింది. అవతల ఇస్త్రీ తమ్ముడు మర్నాటికి బొగ్గులు విరుస్తున్నాడు. భార్య గుమ్మంలో కూర్చుని ఏదో తింటోంది, గుడ్డు మాత్రం కాదు.

"తమ్ముడూ, నువ్వు నాకో సాయం చెయ్యాలి."

"సాయం ఏంటక్కా, చెప్పు."

"రేపట్నించి పొద్దున్నే మా గూడు తలుపు నువ్వు తియ్యి. నేను తీస్తే చెయ్యి ఊరుకోదు. ఆ కాసేపూ నేనిటొచ్చి నీ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తా. విసనకర్ర చేతిలో ఉంటే ఇంకేం పట్టుకోలేనుగా."

"ఓస్, ఇంతేనా. అలాగే తీస్తా."

ఆవిడ వెళ్లబోయి ఆగింది. గోడ మీద చెయ్యి వేసి, గుమ్మంలోని పిల్లకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"తీసే ముందు... ఒక్కసారి దగ్గు తమ్ముడూ. గట్టిగా వద్దు. ఎలుకలకి కాదు, వాటి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ కుళాయి కింద తడి ఇటుకల్లో ఒక కప్ప ఉంటుంది. దానికి వినపడేంత చాలు."